రోహిణి కార్తెలో తేమ: మా కైరల్ కాలమ్‌కి జరిగింది

గ్యాస్ క్రోమాటోగ్రాఫ్ (జీసీ) అనే యంత్రంలో, ఒకే పదార్థానికి ఉండే కుడి, ఎడమ రూపాలను విడగొట్టే సన్నటి పొడవాటి గొట్టమే కైరల్ కాలమ్. అది కొంటే డబ్బాలో ఒక చిన్న కాగితం కూడా వస్తుంది. మాకు వచ్చినదాంట్లో రెండు మాటలు ముద్ద అక్షరాల్లో ఉన్నాయి: కాలమ్‌లోకి నీళ్లు పోనివ్వొద్దు, క్యారియర్ గ్యాస్ (నమూనాని కాలమ్‌లోంచి మోసుకెళ్లే గ్యాస్) లైన్లో తేమ ట్రాప్ (తేమని పట్టేసే గొట్టం) లేకుండా నడపొద్దు. రెండూ పాటించాం. అయినా మామిడి సీజన్ పూర్తి కాకముందే కాలమ్ సత్తువ సగానికి సగం పోయింది. అదీ తిరుపతిలో, నడి వేసవిలో, తేమ వల్ల! మా వైపు ఎవరిని అడిగినా తేమ అంటే అక్టోబరు, నవంబరు వానలే గుర్తొస్తాయి. మా ల్యాబ్‌లోనూ ఏసీ, డీహ్యూమిడిఫయర్ ముచ్చట్లన్నీ ఆ రెండు నెలల గురించే.

మేం చేసే పని ఇది. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల సరుకు, దామలచెరువు మండీ కాయలతో మేమే తీసిన గుజ్జు పక్కపక్కన పెట్టి, వాసన పండుదా, కలిపిన ఎసెన్స్‌దా అని చూడడం. గామా డెకాలాక్టోన్ లాంటి వాసన పదార్థానికి కుడి, ఎడమ రూపాలు రెండుంటాయి. మామూలుగా సింథటిక్‌గా తయారు చేస్తే రెండూ సగం సగం వస్తాయి. పండులో ఎంజైములు తయారు చేస్తే సాధారణంగా ఒక వైపు మొగ్గు ఉంటుంది. ఆ మొగ్గు ఎంతో కొలవాలంటే రెండు పీకులూ (యంత్రం గీసే గ్రాఫులో ఒక్కో రూపానికి లేచే శిఖరాలు) విడివిడిగా నిలబడాలి. వాటిని విడగొట్టేది ఈ కాలమే.

జనవరి మూడో వారంలో కాలమ్ కొనమని ఇండెంటు పెట్టాం. కొటేషన్లు, ఇది ఒక్కరి దగ్గరే దొరుకుతుందని సర్టిఫికెట్, సంతకాలు. ఆ గోల అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తా. ఏప్రిల్ 9న డబ్బా చేతికొచ్చింది. 30 మీటర్ల కాలమ్, లోపలి వ్యాసం 0.25 మిల్లీమీటర్లు, పూత మందం 0.12 మైక్రాన్లు. జీఎస్టీతో కలిపి లక్షకు కాస్త తక్కువ పడింది. రీసెర్చ్ విద్యార్థికి వచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకి 37,000 రూపాయలు. దాంతో లెక్క కట్టుకుంటే, కాలమ్‌ని జీసీ ఓవెన్‌లో బిగిస్తున్నప్పుడు చేతులు ఎందుకు వణికాయో అర్థమవుతుంది.

మేం తీసుకున్న రకంలో లోపలి పూత, గామా సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర వలయాలకి ట్రైఫ్లోరోఎసిటైల్ గ్రూపులు తగిలించినది. లాక్టోన్లకి బాగా పనిచేస్తుంది. దీని బలహీనత కూడా ఆ గ్రూపుల్లోనే ఉంది. అవి ఎస్టర్లు. వేడిలో నీటి ఆవిరి తగిలితే తెగిపోతాయి. తెగిన చోట హైడ్రాక్సిల్ మిగులుతుంది, వలయం స్వభావం మారుతుంది, కుడి ఎడమలను గుర్తుపట్టే శక్తి పోతుంది. మిథైల్ గ్రూపులు తగిలించిన బీటా రకాలకి ఈ బెడద చాలా తక్కువ, ఎందుకంటే అవి ఈథర్లు, నీటికి అంత తేలిగ్గా తెగవు. ఇదంతా నాకు పుస్తకంలో ముందే తెలుసు. పుస్తకంలో తెలిసినది బేస్‌లైన్ (గ్రాఫులో పీకుల కింద ఉండే గీత) మీద చూడడం వేరే సంగతి.

ఏప్రిల్ 16న కండిషనింగ్, అంటే వాడకముందు కాలమ్‌ని మెల్లగా వేడి చేసి సిద్ధం చేయడం. ఓవెన్ వేడి చేయకుండానే ముందు అరగంటకు పైగా నైట్రోజన్ పంపించి లోపలి గాలిని తోసేశాం. డిటెక్టర్ వైపు కొస విడిగా వదిలాం. తర్వాత నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున 160 దాకా తీసుకెళ్లాం. ఈ కాలమ్ హద్దు 180 డిగ్రీలు. హద్దు దాకా తీసుకెళ్లి బేక్ చేసే అలవాటు మామూలు కాలమ్‌ల దగ్గర చెల్లుతుంది, ఇక్కడ వద్దు. మర్నాడు రెసిమిక్ (రెండు రూపాలూ సగం సగం ఉన్న) గామా డెకాలాక్టోన్ ఎక్కిస్తే రెండు పీకుల మధ్య రిజల్యూషన్ (అవి ఎంత బాగా విడిపోయాయో చెప్పే అంకె) 2.1 వచ్చింది. కాలమ్‌తో వచ్చిన టెస్ట్ క్రోమాటోగ్రామ్ (పీకుల గ్రాఫు) పక్కన దాన్ని కూడా ప్రింటు తీసి గోడకి అంటించాం. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం మొదటి ఇంజెక్షన్ ఇదే స్టాండర్డ్. మా సర్ పెట్టిన రూలు. ఇంత ప్రతిరోజూ ఎందుకని అప్పట్లో విసుక్కునేదాన్ని. తర్వాత ఏం జరిగిందో తేదీలతో సహా చెప్పగలిగింది ఆ రూలు వల్లే.

మే మొదటి వారం నుంచి నమూనాలు రావడం మొదలైంది. ముందు బేనీషా, ఆ తర్వాత బెంగళూర. బయటివాళ్లు తోతాపురి అనేదాన్ని మా దగ్గర బెంగళూర అంటాం. గుజ్జుని ఇథైల్ ఎసిటేట్‌తో కలిపి కుదిపి, పై పొర తీసి, అన్‌హైడ్రస్ సోడియం సల్ఫేట్ వేసి ఆరబెట్టి, వడకట్టి, ఇంజెక్ట్ చేయడం. ఎసెన్స్ అనుమానం ఉన్న గుజ్జులో లాక్టోన్ పుష్కలంగా ఉంటుంది కాబట్టి ఇంకించే పని లేదు. ఆవిరి చేస్తే వాసనలో సగం గదికే పోతుందని కూడా ఇంకించలేదు. స్ప్లిట్ (కాలమ్‌లోకి పోనివ్వకుండా బయటికి వదిలేసే పాలు) మాత్రం తక్కువే, ఒకటికి అయిదు. సోడియం సల్ఫేట్‌ని మఫుల్ ఫర్నెస్‌లో 400 డిగ్రీల దగ్గర కాల్చి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చి వాడేవాళ్లం. మా విభాగంలో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి, పురుగుమందుల అవశేషాలకి ఇప్పటికీ అదే వాడతారు.

మే 26న స్టాండర్డ్ 1.9 చూపించింది. 28న 1.7. రెండు పీకుల మధ్య లోయ రోజురోజుకీ పైకి లేస్తోంది, పీకులు కాస్త ముందే వచ్చేస్తున్నాయి, ఖాళీ రన్‌లో బేస్‌లైన్ చివర పైకి తేలుతోంది. 29 సాయంత్రం 1.4. ఆ రాత్రి అన్నం సహించలేదు. గుజ్జు నమూనాలు ఫ్రీజర్ నిండా ఉన్నాయి, సీజన్ ఆగదు, కాలమ్ ఇంకొకటి కొనే డబ్బు ప్రాజెక్టులో లేదు.

మామూలుగా చేసేవన్నీ చేశాం. సెప్టమ్ (ఇంజెక్టర్ మీద ఉండే రబ్బరు బిళ్ల) మార్చాం, లైనర్ (దాని లోపలి గాజు గొట్టం) మార్చాం, ఇంజెక్టర్ వైపు నుంచి అర మీటరు సెరామిక్ పలకతో గీరి విరిచాం. కొంచెం కోలుకుంది, రెండు రోజులకి మళ్లీ అదే కథ. లీకు చూడమన్నారు. దయచేసి ఎవరూ సబ్బు నీళ్లు పూయొద్దు. లీకు ఉంటే ఆ సబ్బే లోపలికి పోతుంది. పక్క విభాగం నుంచి ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ అడుక్కొచ్చి చూశాం, లీకు లేదు. ఎయిర్ కంప్రెసర్ గిన్నెలో నీళ్లు కనిపించేసరికి దొంగ దొరికాడని సర్ సంబరపడ్డారు. కానీ ఆ గాలి పోయేది ఎఫ్ఐడీ (కాలమ్ చివర మంటతో పనిచేసే డిటెక్టరు) మంటకి. కాలమ్ లోపలికి అది రాదు. ఇంకో తలనొప్పి ఏమిటంటే, ఎఫ్ఐడీకి నీళ్లు కనిపించవు. ఎంత నీళ్లు ఎక్కించినా క్రోమాటోగ్రామ్‌లో పీకు రాదు. అందుకే తేమ చేసే నష్టాన్ని, నష్టం జరిగాకే చూస్తాం.

అసలు సంగతి బయటపడింది ఉప్పు వల్ల. సోడియం సల్ఫేట్ ఆరబెట్టిందా లేదా అని తెలుసుకోవడానికి ఫ్లాస్కుని తిప్పి చూడమని మాకు ఎమ్మెస్సీలోనే నేర్పారు. ఉప్పు గడ్డ కడితే ఇంకా నీళ్లున్నట్టు, మరికొంత వేయాలి. గింజలు విడివిడిగా కదిలితే ఆరినట్టు. మే నెలలో మా ఫ్లాస్కులన్నింటిలో గింజలు చక్కగా కదిలేవి. మే 30న కరెంటు పోయి పని సగంలో ఆగింది. వడకట్టకుండానే ఒక ఫ్లాస్కుని, ఉప్పుతో సహా, జీసీ ఉన్న ఏసీ గదిలో పెట్టి ఇంటికెళ్లిపోయా. ఉదయం చూస్తే అడుగున ఉప్పు రాయిలా బిగుసుకుపోయింది. గాజు కడ్డీతో పొడిచినా కదల్లేదు.

ముందురోజు విడివిడిగా కదిలిన ఉప్పు, ఒక్క చుక్క కొత్తగా పడకుండా, రాత్రికి రాత్రి ఎందుకు గడ్డ కట్టింది? సోడియం సల్ఫేట్ ఒక్కో అణువుకి పది నీటి అణువులను పట్టుకుని స్ఫటికంగా మారుతుంది, దాని ఆరబెట్టే గుణమంతా అదే. ఆ స్ఫటికం 32.4 డిగ్రీలు దాటితే నిలవదు. పట్టుకున్న నీళ్లు వదిలేస్తుంది. మా ప్రిపరేషన్ గదికి ఏసీ లేదు. ఉన్న ఒక్క ఏసీ యంత్రానికి, మనుషులకి కాదు. మధ్యాహ్నం ఆ గదిలో థర్మామీటరు పెట్టి చూస్తే 38 చూపించింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ వేడిలో మా ఉప్పు నీళ్లు పట్టుకోలేక, పట్టుకోలేదు కాబట్టి గడ్డ కట్టక, ఆరిపోయినట్టు నటించింది. నీళ్లన్నీ ద్రావణిలోనే ఉండి నేరుగా కాలమ్‌లోకి వెళ్లాయి. పద్ధతి రాసినవాళ్లు చల్లటి ల్యాబుల్లో కూర్చుని రాశారు. అందులో ఉష్ణోగ్రత మాటే లేదు.

అనుమానం ఒకటే చాలదని జూన్ 2న పక్క విభాగంలో కార్ల్ ఫిషర్ (నీళ్లెంత ఉన్నాయో కొలిచే యంత్రం) మీద పెట్టించాం. ఇథైల్ ఎసిటేట్ తనంతట తానే దాదాపు 3 శాతం నీళ్లు కలుపుకోగలదు. ఈ పనికి ఆ ద్రావణి ఎంపికే అంత మంచిది కాదని అక్కడే తెలిసింది. వేడి గదిలో ఉప్పు వేసి ఆరబెట్టినదానికి, అసలు ఉప్పే వేయనిదానికి తేడా కొంచెమే. నేను ఆశ్చర్యపోయింది ఇంకో అంకె చూసి. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర ఆరబెట్టినదాంట్లో కూడా ఇంకా రెండు శాతానికి పైనే నీళ్లున్నాయి. అంటే చల్లగా ఉన్నా సోడియం సల్ఫేట్ పైపైన ఆరబెట్టేదే. పురుగుమందుల మామూలు కాలమ్‌కి అది చెల్లుతుంది. ఈ కాలమ్‌కి చెల్లదు. మెగ్నీషియం సల్ఫేట్ వేసి, వడకట్టి, ఆపైన 300 డిగ్రీల దగ్గర కాల్చిన 3ఏ మాలిక్యులర్ సీవ్ (నీళ్లని పట్టేసే గుళికలు) మీద రాత్రంతా ఉంచితే కొన్ని వందల పీపీఎంకి (పది లక్షల్లో కొన్ని వందల వంతులకి) దిగింది. మెగ్నీషియం సల్ఫేట్ పొడి చాలా సన్నం, మామూలు కాగితంలోంచి కారిపోతుంది. సిరంజి ఫిల్టరు లేకుండా ఇంజెక్ట్ చేస్తే ఆ పొడి లైనర్‌లో చేరుతుంది.

అంతటితో అయిపోయిందనుకున్నా. జూన్ 5 సాయంత్రం, వాడని రెండు రోజుల్లో కూడా రిజల్యూషన్ పడిపోయిందని తెలిసింది. ఆ రెండు రోజులు నమూనా ఒక్కటీ ఎక్కించలేదు. కాలమ్ వేడిగా, గ్యాస్ పారుతూ ఉంది, అంతే. అంటే గ్యాస్‌లోంచి కూడా వస్తోంది.

ల్యాబ్‌లో మాకు అన్నీ చూసిపెట్టే అన్న ఒకాయన ఉన్నారు, రిటైర్మెంటు దగ్గర పడింది. సిలిండర్ల గదిలో నిలబడి, కొత్తగా తగిలించిన నైట్రోజన్ సిలిండరు భుజం మీద చేత్తో తుడిచారు. "ఇక్కడ చూడు మా, ఈ మధ్యనే నీళ్ల టెస్టు చేసిండారు. లోపల సరిగ్గా ఆరబెట్టకుండా గ్యాస్ పట్టించుంటే ఎట్ల?" అన్నారు. అప్పటిదాకా సిలిండరు మీద చెక్కిన అంకెల్ని నేనెప్పుడూ చదవలేదు. మామూలుగా అయిదేళ్లకోసారి సిలిండర్లో నీళ్లు నింపి ఒత్తిడికి ఆగుతుందా అని పరీక్ష చేస్తారు. ఆ తేదీ భుజం మీద కొడతారు. తర్వాత లోపల పూర్తిగా ఆరబెట్టాలి. ఈ సిలిండర్లో అది సరిగ్గా జరగలేదని నేను రుజువు చేయలేను. కానీ దాన్ని తగిలించిన వారంలోనే తేమ ట్రాప్‌లోని నీలం సిలికా జెల్ మొత్తం గులాబీ రంగుకి తిరిగింది. అంతకుముందు సిలిండర్లకి నెలలు గడిచినా కొద్దిగానే తిరిగేది. సరఫరాదారుకి ఫోన్ చేస్తే 99.999 శాతం గ్యాసే ఇచ్చాం మేడమ్, సర్టిఫికెట్ ఉంది కదా అన్నారు. సర్టిఫికెట్ బ్యాచ్‌ది, ఆ సిలిండరుది కాదు. వాదించి లాభం లేదని మార్పించుకున్నాం. బండి వారానికోసారి చెన్నై నుంచి వస్తుంది, అందుకు ఆరేడు రోజులు ఊరికే కూర్చున్నాం.

జూన్ 12న సర్వీస్ ఇంజనీరు వచ్చి మూడోది పట్టుకున్నాడు. ట్రాప్ దాటాక జీసీ దాకా ఉన్న గొట్టంలో రెండు మూరల ముక్క ప్లాస్టిక్‌ది. యంత్రాన్ని ముందుకి లాగడానికి వీలుగా ఉంటుందని లైను వేసినవాళ్లు పెట్టారట. లోపల గ్యాస్ ఒత్తిడి ఎక్కువ కదా, బయటి తేమ లోపలికెలా వస్తుందని సర్ అడిగారు. నాకూ అదే సందేహం. ఇంజనీరు చెప్పిందేమంటే, నీటి ఆవిరి చూసేది తన వంతు ఒత్తిడినే. బయట గాలిలో నీటి ఆవిరి బాగా ఉంది, లోపల దాదాపు లేదు, కాబట్టి ప్లాస్టిక్ గోడలోంచి అది లోపలికే పాకుతుంది, నైట్రోజన్ ఎంత ఒత్తిడిలో ఉన్నా సరే. రాగి గొట్టం వేయించుకున్నాం. ఇంజనీరు విజిట్ ఛార్జీ, రాగి గొట్టం, కొత్త ట్రాపు అన్నీ కలిపి ముప్పై వేల చిల్లర. ఇందులో రాగి గొట్టం ఖర్చు లెక్కలోకే రాదు.

ఇంజనీరు ఇంకో మాట చెప్పాడు, అది పనికొచ్చింది. సిలికా జెల్ ట్రాపు ఒక్కటే నమ్ముకోవద్దు, అది ఆరబెట్టే లోతు తక్కువ. దాని తర్వాత మాలిక్యులర్ సీవ్ ట్రాపు, ఆ తర్వాత ఆక్సిజన్ ట్రాపు, అన్నీ నిలువుగా. రంగు మారేది యంత్రానికి దగ్గరగా, కళ్లకి ఎదురుగా ఉండాలి. మాది సిలిండర్ల గదిలో బల్ల వెనక ఉండేది, చూడాలంటే వంగాలి. ఇప్పుడు జీసీ పక్కన గోడకే ఉంది.

ఇక కాలమ్. ఆ రాత్రి 110 డిగ్రీల దగ్గర పెట్టి, కొత్త గ్యాస్‌తో తెల్లవార్లూ కడిగాం. పోయిన రిజల్యూషన్‌లో కొంత, పూతలో నిలిచిన నీళ్ల వల్ల అయితే తిరిగొస్తుంది. గ్రూపులు తెగిపోయి ఉంటే ఎంత కడిగినా రాదు. రెంటికీ తేడా తెలుసుకోవడానికి ఇంతకంటే దారి లేదు. మధ్యలో కరెంటు పోతే మా జీసీలో గ్యాస్ ప్రవాహం కూడా ఆగుతుంది, కాలమ్ వేడిగా ఉండగా అలా ఆగకూడదు, యూపీఎస్ అరగంటే. అన్న పదకొండు దాకా కూర్చున్నారు. "ఇంగా ఇంటికి పోలేదా మా, అమ్మ ఎదురుచూస్తా ఉంటాది. నేనుండాను కదా" అని నన్ను పంపేశారు. పోయినా నిద్ర పట్టలేదు, ఫ్యాను ఆగిన చప్పుడైనప్పుడల్లా లేచి కూర్చున్నా.

ఉదయం 1.5. అప్పటికి 1.2కి పడిపోయినది అక్కడికి లేచింది, అక్కడే ఆగింది. 1.5 అంటే పీకులు బేస్‌లైన్ దగ్గర విడినట్టే కదా అని మా మేడమ్ అన్నారు. సగం సగం ఉన్న ఎసెన్స్‌కి అది చాలు. కానీ ఒక రూపం 97, రెండోది 3 ఉన్న నమూనాలో, పెద్ద పీకు తోక కింద చిన్నది మునిగిపోతుంది. నాకు కావాల్సింది సరిగ్గా ఆ మూడే. కాబట్టి ఆ కాలమ్ ఇప్పుడు పీజీ విద్యార్థుల ప్రాక్టికల్‌కి పోయింది. మిగతా గుజ్జు నమూనాలన్నీ మైనస్ 20లో ఉన్నాయి.

రెండోసారి ఏ రకం కొనాలన్నది వారం రోజులు తేలలేదు. మిథైల్ రకం తీసుకుంటే తేమ భయం చాలా తగ్గుతుంది, కానీ మా పద్ధతంతా మళ్లీ మొదటి నుంచి పరీక్షించుకోవాలి. చివరికి పాత రకమే, కానీ ఈసారి ముందు ఒక గార్డ్ కాలమ్ ముక్క (అసలు కాలమ్‌కి కాపలాగా పెట్టే చిన్న గొట్టం), పద్ధతిలో ద్రావణి మార్పు. ఇథైల్ ఎసిటేట్ సారాన్ని ఆరబెట్టాక హెక్సేన్‌లోకి మారుస్తున్నాం. హెక్సేన్‌లో నీళ్లు వంద పీపీఎం దరిదాపులో మాత్రమే కలుస్తాయి. మార్చేటప్పుడు కొంత వాసన పోతోంది. రెండు రూపాలూ ఒకే లెక్కన పోతాయి కాబట్టి నిష్పత్తి చెడదు, అది సరిచూసుకున్నాం. ఆరబెట్టే పనంతా ఏసీ గదిలోనే. సిలిండర్లో చదరపు సెంటీమీటరుకి 15 కిలోల ఒత్తిడి మిగిలి ఉండగానే మార్చేస్తున్నాం. చివరి గ్యాస్‌లో గోడలకి అంటిన తేమ పాలు ఎక్కువని తెలిశాక, అడుగంటా వాడే పొదుపు మానేశాం. కాలమ్ తీసి పెట్టాల్సొస్తే రెండు కొసలూ పాత సెప్టమ్ ముక్కల్లోకి గుచ్చి డెసికేటర్‌లోకి. మళ్లీ బిగించేటప్పుడు కొసలు కాస్త విరిచి, చల్లగా అరగంట గ్యాస్ పంపాకే ఓవెన్ వేడి.

జూలైలో పెట్టిన ఇండెంటుకి అకౌంట్స్ వాళ్లు ఒక ప్రశ్న రాసి వెనక్కి పంపారు: ఏప్రిల్లో కొన్న వస్తువే మూడు నెలలకి మళ్లీ ఎందుకు? ఇలాంటి చిక్కు మీకొస్తే పనికొస్తుందని మేం ఏం పెట్టామో చెప్తా. ఏప్రిల్ 17 నుంచి జూన్ దాకా ప్రతి ఉదయం తీసిన స్టాండర్డ్ రిజల్యూషన్ పట్టిక, కార్ల్ ఫిషర్ రిపోర్టు, సర్వీస్ ఇంజనీరు రాసిచ్చిన కాగితం, సిలిండరు భుజం మీద తేదీ ఫోటో. వివరణ అర పేజీ. రసాయన శాస్త్రం ఒక్క ముక్క కూడా రాయొద్దని, గ్యాస్ లైన్ లోపం సరిచేశాం, ఇంత ఖర్చైంది అని మాత్రమే రాయమని సర్ చెప్పారు. ఆయన మాటే నెగ్గింది, పది రోజుల్లో సంతకమైంది. కొత్త కాలమ్ సెప్టెంబరు ఆఖరుకి వస్తుందన్నారు.

సరఫరాదారు ఆ సిలిండరు డబ్బు మాత్రం ఇంకా వెనక్కి ఇవ్వలేదు. వచ్చే బిల్లులో తగ్గిస్తామంటున్నారు.